పదో దినం లోపల ఫోటో

ఫిబ్రవరి 6, మంగళవారం

ఐదుగురిలో నేనొకణ్ణి. మళ్లీ రాస్తున్నాను, చదువుకోవడానికి బాగుంది. ఐదుగురిలో నేనొకణ్ణి. నాలుగు వందల మంది వీడియోలు పంపితే అందులోంచి ఐదుగురు. కొత్తకోటలో సెల్‌ఫోన్ల దుకాణంలో స్క్రీన్‌గార్డులు అతికించే పరమేష్ అందులో ఒకడు!

సుస్మిత మేడం ఫోన్ చేసి చెప్పింది. వెబ్ సిరీస్‌కు నటులను వెతికే పని ఆమెది. 24న, శనివారం, మహబూబ్‌నగర్‌లో వాళ్లు దిగిన లాడ్జిలోనే హెడ్‌షాట్లు తీస్తారట. అంటే భుజాల దాకా ఫోటో, మొఖమే ముఖ్యం. అవి చూసి డైరెక్టర్ ఒకణ్ణి ఖాయం చేస్తాడు. గొర్ల కాపరి వేషం. "జుట్టు, మీసం అస్సలు ముట్టుకోకండి. మిమ్మల్ని పిలిచిందే వాటి కోసం" అంది. మూడేళ్ల జుట్టు ఇది. కత్తిరించుకోమని మా సేటు రోజూ సతాయిస్తాడు. రేపు వాడి మొఖం చూడాలి.

ఇంట్లో చెప్పాను. అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. బాపు గొర్లను తోలుకొచ్చి, గొంగడి దులిపి, అంతా విని అడిగాడు. "ఒక్క ఫోటో దిగనీకి పద్దెనిమిది దినాలు తయారవుతవారా? నా పెండ్లికి గూడ నేను గన్ని దినాలు తయారుగాలె."

"గది గట్ల గాదు బాపు, మొఖంల గుణం కనవడాలె."

"మరి లేనిది యాడికెల్లి తెస్తవ్?" అని నవ్వుకుంటూ కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

సుస్మిత మేడం పంపిన జాబితా గోడకు అంటించాను. రోజూ మూడు లీటర్ల నీళ్లు. ఎనిమిది గంటల నిద్ర. గీతలు, పూలు లేని చొక్కాలు మూడు. ఎండలో తిరగొద్దు. అద్దం ముందు అరగంట సాధన.

ఫోటోగ్రాఫర్ డానియల్ నా వీడియో చూసి చెప్పాడట, నాకు ఎడమ వైపు బాగుంటుందని. దుకాణంలో ఆఫ్ చేసిన ఫోన్లన్నీ ఇప్పుడు నాకు అద్దాలే. కోపం, బాధ, ఏమీ లేని మొఖం. కోపం పర్వాలేదు. బాధ మాత్రం పంటినొప్పిలా వస్తోంది.

ఫిబ్రవరి 11, ఆదివారం

గుర్వయ్య చిన్నాయినకు జ్వరం. రోజూ బాపూ ఆయనా కలిసి గొర్లెంట పోతారు. బాపు నన్ను రమ్మన్నాడు. "నాలుగు దినాలు దుకాన్ బంజెయ్యి, ఒక్కనితోని మంద ఆగుతలేదు" అన్నాడు.

ఎండకు మొఖం నల్లబడుతుంది అన్నాను.

"నల్లగున్న కురుమోనికి గొర్లోని యేసం ఇయ్యరా ఏందిరా?" అని తనే పోయాడు. కోపంతో కాదు, నవ్వుతూనే పోయాడు. అదైతే ఖాయం.

ఫిబ్రవరి 13, మంగళవారం

మహబూబ్‌నగర్ దవాఖాన వరండాలో కూర్చొని రాస్తున్నాను.

పొద్దున పదకొండుకు చిన్నాయిన ఫోన్. "పరమేషూ, మీ బాపు చెలకల పడిపోయిండ్రా. మోటర్ కాడి రైతు చూసిండు. నోట్లకెల్లి మాట వస్తలేదు."

అది వినగానే నా చెయ్యి నెత్తి మీదికి పోయింది. జుట్టును పట్టుకుంది.

భయపడితే ఎవరైనా నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటారు. అంతే.

గుండె అన్నారు. లోపల పడుకోబెట్టారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. నేను వెంట ఉన్నా అదే అయ్యేది. గుండెకు ఎవరు వెంట ఉన్నారో తెలుస్తుందా? నేను వెంట ఉన్నా అదే అయ్యేది.

ఫిబ్రవరి 14, బుధవారం

డాక్టరు రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనన్నాడు.

మాలో తండ్రి పోతే పదో రోజున కొడుకు గుండు చేయించుకోవాలి, మీసం తీయించుకోవాలి. తండ్రి బతికుండగా మాత్రం మీసం తీయకూడదు. ఇది అందరికీ తెలిసిందే. ఇప్పుడెందుకు రాస్తున్నానో.

ఇవ్వాళ అయితే 23.
రేపు అయితే 24.
ఎల్లుండి అయితే 25.

కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తోంది. ఇది నేనే రాశానా! నా చేతిరాతే.

వరండాలో దేవుడి పటం ఉంది. బాపు 15వ తేదీ దాటాలని దండం పెట్టుకున్నాను. ఏ కొడుకైనా అదే మొక్కుకుంటాడు కదా.

ఫిబ్రవరి 15, గురువారం

సుస్మిత మేడంకు ఫోన్ చేశాను, ఫోటోలు కొంచెం ముందుకు జరపమని. బాపు ఎప్పుడు ఎట్లుంటాడో తెలియదు. ఒక్కసారి ఫోటోలు పడితే చాలు, ఆ తర్వాత ఏదైనా చేసుకోవచ్చు.

వెనక్కి జరపగలం గానీ ముందుకు కుదరదంది. ఒంట్లో బాగాలేక ఎవరైనా అడిగితే వారం వాయిదా వేస్తారట. డానియల్‌కు 24 దాకా ఖాళీ లేదట. నేను బాపు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తప్పుగా అర్థం చేసుకుంది. "అయ్యో, పోయారా!" అంది. నేను ఏమీ అనలేదు. ఆమే అనుకుంది. డానియల్‌తో మాట్లాడి చెప్తానంది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఆమె అనుకోలేదు. నేనే చెప్పాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు, ఇందులో కూడా అబద్ధం ఎందుకు?

"మా బాపు పోయిండు మేడం, నిన్న" అన్నాను. "పదో దినం 23. గుండు, మీసం తీస్తరు. గా లోపల్నే ఫోటో తీయండి" అన్నాను. తడబడలేదు. పంటినొప్పి మొఖం కూడా పెట్టలేదు, ఫోన్‌లో కనిపించదు కదా. అప్పుడు బాపు నాకు పది అడుగుల దూరంలో, గోడ అవతల ఉన్నాడు.

నా నోటితోనే అన్నాను. నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మా వెంట దవాఖానకు వచ్చిన చిన్నాయిన గొర్లను చూసుకోవడానికి ఊరికి పోయాడు.

ఫిబ్రవరి 17, శనివారం

బాపు లేచి కూర్చున్నాడు! ఇడ్లీ తిన్నాడు. గండం గడిచిందన్నాడు డాక్టరు. అమ్మ డాక్టరు కాళ్ల మీద పడబోతే నర్సు పట్టుకుంది.

వార్డులోకి మార్చారు. ఫోన్ బాపు తలగడ పక్కన చార్జింగుకు పెట్టి అమ్మను తీసుకొని మందులకు పోయాను. వచ్చేసరికి మెసేజ్. "19 సోమవారం ఉదయం పది గంటలకు రండి. డానియల్ ఒప్పుకున్నాడు."

ఇప్పుడు బాపు బాగున్నాడు, 24నే వస్తానని చెప్పొచ్చు. కానీ ఏమని చెప్పాలి? చచ్చిపోయిన మనిషి లేచాడనా?

బాపు చాలాసేపు నా వైపు చూశాడు. "నెత్తికి జర నూనె వెట్టుకో. పీచు లెక్కైంది" అన్నాడు. ఇంత జబ్బులోనూ నా జుట్టు సంగతేనా అనుకున్నాను.

ఫిబ్రవరి 19, సోమవారం

ఎట్లా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మట్టిరంగు చొక్కా వేసుకుని లాడ్జికి పోయాను. గదిలో గోడకు నల్లగుడ్డ కట్టి ఉంది. రెండు లైట్లు, ఒక స్టూలు. మిగతా నలుగురు లేరు, నా ఒక్కడి కోసమే అంత సరంజామా. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. డానియల్ నా భుజం మీద చెయ్యి వేసి, "మీకు ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపుదాం" అన్నాడు. ఎవరో టీ ఇచ్చారు. దొంగతనం చేసిన ఇంట్లో భోజనం పెట్టినట్టుంది.

సుస్మిత మేడం నా నుదుటి మీద మెరుపు పోవడానికి పౌడరు అద్దుతూ అంది. "మీ చిన్నాయనగారికి నా థాంక్స్ చెప్పండి."

"ఏ చిన్నాయన?"

"శనివారం ఫోన్ చేస్తే ఆయనే ఎత్తారు. పరమేష్ వాళ్ల నాన్నగారు పోయారు కదా, పదో రోజు 23నేనా అని అడిగాను. పాపం, చాలాసేపు మాట్లాడలేకపోయారు. మీరెవరండీ అంటే ఆయన తమ్ముణ్ణి అన్నారు."

చిన్నాయిన శుక్రవారమే ఊరికి పోయాడు.

"తర్వాత, అవును బిడ్డా, ఇరవై మూడే, అన్నారు. గా లోపల్నే తీస్కోండ్రి, మీసం తీసినంక పోరని మొఖం చిన్నగైతది, అన్నారు. దగ్గుతూ, ఆగి ఆగి మాట్లాడారు. ఒంట్లో బాగాలేదా ఆయనకు?"

శనివారం నా ఫోన్ ఉన్నది ఒకే ఒక్క చోట.

"ఇటు చూడండి" అన్నాడు డానియల్. చూశాను. "కదలకండి. అదే. అట్లాగే ఉండండి." ఎన్ని తీశాడో తెలియదు. పూర్తయ్యాక కెమెరా తిప్పి చూపించాడు. అందులో ఉన్నది నేనే. కానీ నేను పది రోజులు అద్దంలో చూసుకున్న వాళ్లలో ఎవడూ కాదు. "పదిహేనేళ్లుగా తీస్తున్నా, ఇట్లాంటి కళ్లు చూడలేదు" అన్నాడు డానియల్. సుస్మిత మేడం కళ్లు తుడుచుకుంది.

దవాఖానకు వచ్చాను. అమ్మ పక్కనే ఉంది.

"ఫోటోలు మంచిగొచ్చినయారా?" అన్నాడు బాపు.

"ఆ."

"మంచిది."

బత్తాయి ఒలిచి ఇచ్చాను. తిన్నాడు.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

నన్నే ఖాయం చేశారు.

ఎగిరి గంతేయాల్సిన రోజు. మెట్ల మీద కూర్చుండిపోయాను. మార్చి 3న ఆత్మకూర్ దగ్గర కృష్ణ ఒడ్డున పూజ, షూటింగ్ జూన్ నుంచి. "అప్పటికి మీసం వచ్చేస్తుంది. జుట్టుకు విగ్గు పెడదాం. రేపు గుండు కదా, పూజ రోజే కొలత తీసుకుంటాం" అంది సుస్మిత మేడం.

గుండు. నాకు ఆ ఆలోచనే రాలేదు! జుట్టు ఉండగా ఫోటో దిగాలని అబద్ధం ఆడిన వాణ్ణి, ఆ అబద్ధానికి జుట్టు ఇవ్వాలని తట్టనే లేదు. జుట్టుతో పోతే తండ్రి పోయిన కొడుకును కాను. గుండుతో పోతే, తండ్రి బతికుండగా మీసం తీయించుకున్న కొడుకును.

అమ్మ బట్టలు ఉతకడానికి పోయింది. బాపు మంచం దగ్గర నిలబడ్డాను.

"గా బిడ్డ మల్ల ఫోన్ చేసిందా?" అన్నాడు. ఏ బిడ్డ అని నేను అడగలేదు.

"నన్ను తిట్టు బాపు. ఒక దెబ్బ కొట్టు."

"కొడ్దామంటే చేతికి సూది గుచ్చిండ్రు" అన్నాడు. కిటికీ వైపు తిరిగాడు. "మొదలు నాకు సమజ్ గాలె. ఎవరో పోయిండ్రట అనుకున్న. పేరు జెప్పినంక నేనే అని తెలిసింది. పానం గడబిడైంది రా, అబద్ధమెందుకు. నేను బతికే ఉన్న అని నోటి దాక వచ్చింది. అంటే నీ పని ఖరాబైతుండె."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

"గుండు గీకిచ్చుకో. నాకేం గాదు. మీ అమ్మకు మన్యంకొండ దేవుని మొక్కు అని జెప్పు."

ఫిబ్రవరి 23, శుక్రవారం

దవాఖాన ఎదురుగా సెలూన్. జుట్టు తీస్తూ మంగలి అడిగాడు. "ఎవరు పోయిండ్రన్నా?"

"ఎవరు పోలె. మొక్కు."

నున్నగా గీకి, నీళ్లు చల్లి, గుడ్డ విప్పబోయాడు. "మీసం గూడ" అన్నాను. వాడి చెయ్యి ఆగింది. "మొక్కుకు మీసమెందుకన్నా? నాయిన ఉన్నడా?" అన్నాడు. నేను అద్దంలో చూస్తూ గడ్డం పైకెత్తాను. వాడు ఇంకేమీ అడగకుండా కత్తి పెట్టాడు. పెదవి మీద చల్లగాలి తగిలింది.

గేటు దగ్గర అమ్మ ఎదురొచ్చింది, చేతిలో పాల చెంబు. నా గుండు చూసింది, మీసం లేని మూతి చూసింది. చెంబు జారిపోయింది. "అయ్యో దేవుడా, ఎప్పుడు పోయిండ్రా" అని అరుస్తూ వార్డులోకి పరుగెత్తింది. వెనకాల నేను. మందులకు నిలబడ్డవాళ్లంతా మా వైపే చూస్తున్నారు. బాపు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. అమ్మ ఆయన చెంపలు తడిమి, చేతులు తడిమి, అక్కడే కూలబడింది.

"మొక్కు అమ్మా" అన్నాను. "బాపు కోసం."

అమ్మ నన్ను దగ్గరికి తీసుకొని గుండు మీద ముద్దు పెట్టుకుంది. "మా బంగారు కొడుకు" అంది పక్క మంచాల వాళ్లందరికీ వినిపించేట్టు. నేను భూమిలోకి దిగిపోతే బాగుండునని అనిపించింది. బాపు దుప్పటి సర్దుకుంటున్నాడు.

ఫిబ్రవరి 27, మంగళవారం

బాపును నిన్న ఇంటికి తెచ్చాం. బరువు ఎత్తొద్దు, ఎండలో నిలబడొద్దు అన్నారు.

పూజ రోజు మొదటి షాట్‌కు ఓ ఇరవై గొర్లు కావాలట. చిన్నాయిన తోలుకొస్తానన్నాడు. విషయం ఆయనకు చెప్పక తప్పలేదు. విని, నన్ను చూసి ఉమ్మేసి, ఒప్పుకున్నాడు.

"నేను గూడ వస్త" అన్నాడు బాపు.

"నువ్వెట్ల వస్తవు బాపు?"

"గుర్వయ్యనై వస్త. ఫోన్ల గట్లనే అంటి గద. మందలో మందనై నిలవడత. నీ యేసం షురువైతుంటే నేను చూడొద్దా?"

వద్దనడానికి నాకు ఏ మొఖం ఉంది?

మార్చి 3, ఆదివారం

పది గంటలకే ఎండ మండింది. కృష్ణలో నీళ్లు అడుగంటి ఇసుక తేలింది. చిన్నాయిన రాత్రే డీసీఎం వ్యానులో గొర్లను తెచ్చి దించాడు. బాపూ నేనూ ఆటోలో పోయాం. బాపు గొంగడి కప్పుకొని, రుమాలు చుట్టుకొని, గొర్ల పక్కన నిలబడ్డాడు. ఇద్దరు ముసలి కాపరులు. ఎవరూ రెండోసారి చూడలేదు.

నా నెత్తికి టేపు పెట్టి విగ్గుకు కొలత తీసుకున్నారు. కెమెరాకు పసుపు, కుంకుమ పెట్టారు. నా హెడ్‌షాట్‌ను పెద్దగా అచ్చు వేసి డేరా గోడకు తగిలించారు. బాపు దూరం నుంచి దాన్నే చూస్తున్నాడు. నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు. కొబ్బరికాయ కొట్టే ముందు డైరెక్టర్ మైకు తీసుకున్నాడు.

"మన పరమేష్ ఇంత దుఃఖంలో ఉండి కూడా మన దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాన్నగారు కురుమయ్యగారి ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం."

ఇది ఎవరూ నాకు ముందు చెప్పలేదు. అరవై మంది లేచి నిలబడ్డారు. లైట్ల వాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు. ఫోన్లు ఆగిపోయాయి. నేను తల వంచుకోలేకపోయాను. బాపు వైపే చూశాను.

బాపు చుట్టూ చూశాడు. అందరూ నిలబడ్డారు కదా, ఆయన కూడా రుమాలు తీసి రెండు చేతుల్లో పట్టుకొని, తల వంచాడు. తన కోసం తనే నిలబడ్డాడు. చిన్నాయిన పక్కకు తిరిగి కళ్లు మూసుకున్నాడు. గొర్లు అరుస్తున్నాయి. నెత్తి మీద ఎండ నేరుగా పడుతోంది. ఒక నిమిషం అయి ఉంటుంది. బాపు మోకాలు వంగింది. మళ్లీ సర్దుకున్నాడు. ఈసారి ఒళ్లంతా ఊగింది.

"బాపూ!"

అంతమంది మౌనంలో ఎంత గట్టిగా వినిపించిందో. పరుగెత్తి రెండు చేతులతో పట్టుకున్నాను. ఎముకలే తగిలాయి. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో కుర్చీ వేశారు. సుస్మిత మేడం వంగి ఆయన మొఖం చూసింది, నా మొఖం చూసింది. "ఈయన మీ చిన్నాయనగారు కదా?" అంది.

నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు. నీళ్లు గుటక పడకముందే. "ఔ బిడ్డా, చిన్నాయిననే. పోరడు చిన్నప్పటిసంది నన్ను గూడ బాపనే పిలుస్తడు."

ఆమె తలూపింది. డైరెక్టర్ కూడా తలూపాడు. అందరూ నమ్మారు. నేను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. బాపు నా చెయ్యిని గట్టిగా నొక్కాడు, ఊరుకోమని.

"కాదు మేడం" అన్నాను. "ఈయనే కురుమయ్య."

సుస్మిత మేడం నా గుండు వైపు చూసింది. "మరి ఇది?" అంది. చెప్పాను. అరవై మంది ముందు, ఒకటి తర్వాత ఒకటి, తేదీలతో సహా చెప్పాను. డానియల్ కెమెరా మూత పెట్టేసుకుని అటు పోయాడు. డైరెక్టర్ మైకు బల్ల మీద పెట్టి, "మీరు ఇంటికి పోండి. ఇంక ఫోన్ రాదు" అన్నాడు. తిట్టలేదు. కొబ్బరికాయ కొట్టకుండానే పక్కన పెట్టారు. మేము వచ్చేటప్పుడు డేరా గోడ మీది ఫోటోను ఎవరో దించుతున్నారు.

ఆటోలో బాపు నా వైపు చూడలేదు. రుమాలు మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం. నీళ్ల సీసా ఇస్తే తోసేశాడు. కొత్తకోట రోడ్డెక్కాక నా గుండు మీద ఫట్‌మని ఒక్కటి కొట్టాడు. ఇప్పుడు ఆ చేతికి సూది లేదు.

"గిన్ని దినాలు నేను ఉత్తగనే సచ్చిన్నారా?" అన్నాడు.